తెర వెనక నుంచి వేదిక మీదికి: సురభి వనారస గోవిందరావు గారు

ఇలాంటి సంచికల్లో మనం సాధారణంగా మన తెగ పెద్దల గురించే రాసుకుంటాం. ఈసారి మన తెగకు చెందని ఒకాయన గురించి రాస్తున్నాం. ఆయన పేరు వనారస గోవిందరావు. సురభి నాటక సమాజానికి మూలపురుషుడు. ఆయనది సంచార జీవితం గడిపిన తోలుబొమ్మలాట కుటుంబం. ఊరి చివర గుడారం వేసుకుని, పగలు ఊళ్లోకి వెళ్లి ఆట చెప్పుకుని, రాత్రి ఆడి, మళ్లీ బండి కట్టుకుని పోయే బతుకు. పులికాట్ ఒడ్డునా, కాలువ గట్ల మీదా, రొయ్యల గుంటల పక్కనా పూరిపాకల్లో పెరిగిన మన పిల్లలకు ఆ బతుకు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఈ కథ మనకు పనికొస్తుందని అనుకున్నాం.

గోవిందరావు గారి పూర్వీకులు మహారాష్ట్ర వైపు నుంచి తెలుగు దేశానికి వచ్చినవాళ్లు. ఇంట్లో మరాఠీ యాస మాట్లాడుకునేవాళ్లు. ఆట మాత్రం తెలుగులో ఆడేవాళ్లు. వాళ్ల కులవృత్తి తోలుబొమ్మలాట. మేక తోలునూ జింక తోలునూ పలచగా తీసి, బొమ్మలుగా కోసి, సన్నని రంధ్రాలు పొడిచి, రంగులద్దేవాళ్లు. తెల్లటి పంచె తెరగా కట్టి, వెనక ఆముదం దీపాలు పెట్టి, రామాయణ భారత కథలు ఆడేవాళ్లు. మధ్యమధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించేవాళ్లు. మన నెల్లూరు జిల్లాలోనూ ఈ కళ ఉంది. మన తాతలు తెల్లవార్లూ కూర్చుని చూసిన ఆటే అది.

ఆ ఆటలో ఒక సంగతి గమనించాలి. తెర వెనక ఉండేది ఒక కుటుంబం మొత్తం. మగవాళ్లు రాముడికీ రావణుడికీ గొంతు ఇస్తే, సీతకూ ద్రౌపదికీ ఆడవాళ్లే గొంతు ఇచ్చేవాళ్లు. ఒకరు బొమ్మ ఆడిస్తే ఒకరు తాళం, ఒకరు మద్దెల. పిల్లలు దీపం చూసుకునేవాళ్లు. బొమ్మలు తయారుచేయడం, రంగులు కలపడం, పద్యం పాడడం, బండి తోలడం, అన్నీ ఇంట్లోవాళ్ల పనులే. ఒక నాటక సంస్థకు కావలసిన విద్యలన్నీ ఆ గుడారంలోనే ఉన్నాయి. అయితే ఎవరి ముఖమూ బయటికి కనబడదు. కనబడేది బొమ్మ నీడ మాత్రమే.

1880 ప్రాంతంలో తెలుగు దేశంలో కాలం మారింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు విద్యార్థులతో నాటకం ఆడించారు. ధార్వాడ నాటక సమాజాలు తెలుగు పట్టణాలకు వచ్చి, రంగుల తెరలతో, హార్మోనియం పాటలతో జనాన్ని ఆకట్టుకున్నాయి. మనిషే వేషం వేసుకుని ఎదురుగా నిలబడి పాడుతుంటే జనం కళ్లు బొమ్మ నీడ మీద ఎంతకాలం నిలుస్తాయి? బొమ్మలాట వాళ్ల ఆదాయం పడిపోతూ వచ్చింది. ఇలాంటి సమయంలో ఏ వృత్తివాళ్లకైనా మూడు దార్లు ఉంటాయి. పాతదాన్నే పట్టుకుని పస్తులుండడం, దాన్ని వదిలేసి కూలికి పోవడం, ఉన్న విద్యనే కొత్త రూపంలోకి మార్చుకోవడం. గోవిందరావు గారు మూడో దారి పట్టారు.

అది 1885. కడప జిల్లాలో సొరుగు అనే పల్లె. తర్వాత దాన్నే సురభి అన్నారు. ఆ ఊళ్లో పెద్దల ఇంట పెళ్లి వేడుకలో, బొమ్మలతో కాకుండా మనుషులతోనే ఆట ఆడమని అడిగారని సురభి కుటుంబాల్లో చెప్పుకుంటారు. అప్పుడు ఆడిన నాటకం కీచకవధ. విరాటరాజు కొలువులో మారుపేర్లతో దాక్కున్న పాండవుల కథ అది. కథ కొత్తది కాదు, పద్యాలూ కొత్తవి కావు. అప్పటిదాకా తెర వెనక ఉన్న మనుషులు తెర ముందుకు రావడం ఒక్కటే కొత్త. ఆ ఒక్క అడుగుతో ఒక సమాజం పుట్టింది. దానికి శ్రీ శారదా మనోవినోదినీ సంగీత నాటక సభ అని పేరు పెట్టుకున్నారు. జనం మాత్రం ఆ పల్లె పేరుతోనే సురభి అని పిలిచారు. ఆ పల్లె పేరే ఇంటి పేరంత గట్టిగా ఆ కుటుంబాలకు అంటుకుపోయింది.

ఆ రోజుల్లో పట్టణ నాటక సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్లే వేసేవాళ్లు. స్త్రీ రంగస్థలం ఎక్కడం తప్పని లోకం అనుకునేది. సురభిలో మాత్రం ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. ఇంట్లో భార్య, అక్క, కూతురు, కోడలు వేదిక ఎక్కారు. తెర వెనక ద్రౌపదికి గొంతు ఇచ్చిన తల్లే ముందుకొచ్చి ద్రౌపదిగా నిలబడడం వాళ్లకు వింతగా తోచలేదు. లోకం మాత్రం ఊరుకోలేదు. నాటకాల వాళ్లని చిన్నచూపు చూసింది. అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. తండ్రి, అన్న, భర్త పక్కనే ఉండి పనిచేసే సమాజం కావడం ఆ ఆడవాళ్లకు రక్ష అయింది. ఆ కుటుంబాల నుంచి వచ్చిన సురభి కమలాబాయి 1932లో విడుదలైన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేషం వేశారు. తెలుగు సినిమాకు తొలి కథానాయిక అలాంటి గుడారం నుంచే వచ్చింది.

ఇక గోవిందరావు గారు సమాజాన్ని నడిపిన తీరు చూద్దాం. నాటకం అంటే వేషం, పాట అని మనం అనుకుంటాం. వాటి వెనక ఉండే పని చాలా పెద్దది. ఏ నాటకం ఎంచుకోవాలి, ఎవరికి ఏ వేషం ఇవ్వాలి, ఏ పద్యం ఏ రాగంలో పాడాలి, తెరల మీద ఏ బొమ్మ గీయాలి, కిరీటాలు ఎలా చేయాలి, ఏ ఊళ్లో ఎన్నాళ్లు ఉండాలి, వాన పడితే ఇంతమందికి అన్నం ఎక్కడి నుంచి తేవాలి. ఇవన్నీ చూసుకుంటేనే నాటకం నిలుస్తుంది.

సురభిలో ఈ పనులకు బయటి నుంచి మనుషుల్ని తెచ్చుకునేవాళ్లు కాదు. పని ఇంట్లోనే నేర్పేవాళ్లు. నడక వచ్చిన బిడ్డ బాలకృష్ణుడుగానో ప్రహ్లాదుడుగానో లవకుశుల్లో ఒకడుగానో వేదిక ఎక్కేది. పెద్దయ్యాక సుభద్ర, ఆ తర్వాత యశోద. ఒక్కొక్కరికీ చాలా వేషాలు నోటికి వచ్చి ఉండేవి. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు వేషం కట్టేవాళ్లు. ఆట ఆగేది కాదు. ఈ అంకంలో రాజుగా సింహాసనం మీద కూర్చున్నవాడు తర్వాత అంకంలో చీకట్లో తాడు లాగేవాడు. పెద్ద వేషం, చిన్న పని అన్న తేడా ఉంటే అలాంటి సమాజం ఒక్క నెల కూడా నిలవదు.

మాయాబజార్, లవకుశ, శ్రీకృష్ణలీలలు, బాలనాగమ్మ వంటి నాటకాలతో సురభికి పేరొచ్చింది. గాలిలో తేలే నారదుడు, ఎదురెదురుగా వచ్చి నిప్పులు రాల్చే బాణాలు, కళ్లముందే అడవి పోయి అంతఃపురం రావడం. ఇవి చూసి జనం నోళ్లు తెరిచేవాళ్లు. ఆ మాయ అంతా సన్నని తీగలు, కప్పీలు, రంగుల గుడ్డలు, సమయానికి లాగే చేతులు. యంత్రాలు కొన్నవి కావు, చేతులతో చేసుకున్నవి. బొమ్మను కర్రతో ఆడించిన చెయ్యే మనిషిని తీగతో ఎగరేసింది. పాత విద్య ఎక్కడికీ పోలేదు.

కుటుంబం పెరిగింది. పిల్లలకు పెళ్లిళ్లయ్యాయి, మనవలు పుట్టారు. ఒక గుడారంలో అందరికీ వేషాలూ చాలవు, అన్నమూ చాలదు. అప్పుడు సమాజం చీలి ఇంకో సమాజం అయింది. అది కూడా పెరిగి మరొకటి అయింది. పేర్లు వేరైనా పద్యాలూ తెరలూ పద్ధతీ ఒకటే. అలా సురభి పేరుతో తెలుగు దేశమంతా పదుల సమాజాలు తిరిగాయి. పెద్దాయన పేరు వాటన్నిటినీ కట్టి ఉంచింది.

1929లో గోవిందరావు గారు ఇంకో పెద్ద పని చేశారు. తెనాలిలో తెలుగు నాటక రంగంలోని వాళ్లందరినీ ఒకచోట చేర్చారు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఆ సభతోనే మొదలైంది. తర్వాతి రోజుల్లో నాటక పోటీలతో ఎందరో రచయితలనూ నటులనూ వెలుగులోకి తెచ్చిన సంస్థ అది. చదువుకున్న పట్టణ నటులు, వకీళ్లు, పండితులు ఎందరో ఉన్న రంగంలో, అందరినీ పిలిచి కూర్చోబెట్టింది ఊరూరా తిరిగిన బొమ్మలాట కుటుంబం మనిషి. అది తన కుటుంబం లాభం కోసం చేసిన పని కాదు, కళ మొత్తానికి ఒక గూడు ఉండాలని చేసినది. ఆయన జీవితంలో మాకు అన్నిటికంటే పెద్దగా కనబడేది ఇదే.

ఈ కథలో కష్టం లేదని చెబితే అబద్ధం అవుతుంది. టాకీలు వచ్చాక జనం సినిమా హాళ్లకు మళ్లారు. చాలా సురభి సమాజాలు మూతపడ్డాయి. ఊరూరా తిరిగే బతుకులో పిల్లలకు బడి దొరకలేదు. వేలకొద్దీ పద్యాలు నోటికి వచ్చిన పిల్లలు పరీక్ష కాగితం ముందు నిలబడలేకపోయారు. హాస్టల్లో పిల్లల చదువు చూసుకునేవాళ్లం కాబట్టి ఈ మాట దాచలేం. కళ ఉంటే చదువు అక్కర్లేదని మేము అనం. చదువు కోసం కళను వదిలేయమనీ అనం. రెండూ ఉన్న తరం ఇంతవరకు మనకు లేదు. మీరే ఆ తరం కావాలి.

గోవిందరావు గారు కన్నుమూసి దశాబ్దాలు గడిచాయి. ఆయన నాటిన చెట్టు ఇంకా బతికే ఉంది. హైదరాబాదు శేరిలింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఉంది. 1937లో మొదలైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి ఆ వంశ వృక్షంలో ఒక కొమ్మే. దాన్ని నడిపిన సురభి బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు మన సంగతి. మన యానాదుల్లోనూ భాగోతం ఉంది, పాటలున్నాయి, చిందుంది. మా హాస్టల్లో వార్షికోత్సవం వస్తే పిల్లలు సినిమా పాటకు డాన్సు చేస్తామంటారు. మీ అవ్వ పాడే పాట పాడమంటే తల దించుకుంటారు. అది మా పాట అని తెలిస్తే నవ్వుతారని భయం. ఆడపిల్లలు బాగా పాడినా, పై క్లాసుకు వచ్చేసరికి ఇంట్లోవాళ్లు వద్దంటారు. ఆ సిగ్గు మనతో పుట్టింది కాదు, ఎవరో మనకు అంటించినది. సురభి వాళ్లకూ అంటించాలని చూశారు. వాళ్లు ముఖం దాచుకోకుండా వేదిక ఎక్కారు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్క పని చేయండి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ అవ్వ దగ్గర కూర్చుని ఒక పాట మొత్తం నేర్చుకోండి. ఫోనులో రికార్డు చేయండి, నోటుపుస్తకంలో రాయండి. పాట రానివాళ్లు డప్పు నేర్చుకోండి. అదీ రాకపోతే తెర కట్టడం, దీపం పెట్టడం నేర్చుకోండి. మన సంఘం వేదిక మీద పాడేవాళ్లు ఎంత అవసరమో తాడు లాగేవాళ్లు అంతే అవసరం. పండుగ రోజున ఒక గంట ఆడి మరచిపోయే జట్టు కాకుండా, ఏడాది పొడవునా సాధన చేసే జట్టు మనకు కావాలి. ఒక బొమ్మలాట కుటుంబం 1885లో ఒక పల్లెలో వేసిన అడుగు ఇంత దూరం వచ్చింది. మన అడుగు మన పాలెం నుంచే మొదలుపెడదాం.