వ్యాధికీ, మందుకూ ఒకే సూత్రం: మైకేల్ ఫారడే

విద్యుత్ రైలు మార్గానికి దగ్గరలో రేడియో వినేవారికి మధ్యమధ్య వచ్చే గరగర కొత్త కాదు. ఉద్యోగరీత్యా వచ్చి ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో, రైలింజను 25 వేల వోల్టుల తీగను ఒరుసుకుంటూ సాగేటప్పుడు రేగే రవ్వలు అందుకు ఒక కారణం. కంప్యూటర్ తీగల్లోకి కూడా ఇటువంటి విద్యుత్ అలజడి చొరబడుతుంది. దానిని అణచడానికే తీగ చివర నల్లని ఫెర్రైట్ వలయాన్ని అమరుస్తారు. ఈ వ్యాధికీ, మందుకూ మూలమైన సూత్రాన్ని వెలికితీసినవారు మైకేల్ ఫారడే.

1791 సెప్టెంబరు 22న లండన్ ప్రాంతంలో ఒక పేద కమ్మరి ఇంట ఆయన జన్మించారు. బడిచదువు అంతంతమాత్రమే. 14వ ఏట పుస్తకాలు బైండు చేసే దుకాణంలో చేరి, చేతికందిన విజ్ఞాన గ్రంథాలన్నీ చదివారు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న విషయాలను స్వయంగా బైండు చేసి ఆయనకు పంపారు. మరుసటి ఏడాది రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకునిగా చోటు దొరికింది.

1831 ఆగస్టు 29న ఫారడే 6 అంగుళాల ఇనుప వలయానికి రెండు వైపులా వేర్వేరు తీగలు చుట్టి, ఒకదానికి బ్యాటరీ కలిపారు. కలిపినప్పుడు, తీసినప్పుడు మాత్రమే రెండో తీగకు తగిలించిన పరికరంలో సూచి కదిలింది. మారుతున్న విద్యుత్తు, తాను తాకని తీగలో సైతం విద్యుత్తును పుట్టిస్తుందని తేలింది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇదే పునాది. ఒక తీగలోని అలజడి పక్క తీగకు పాకడానికి కూడా ఇదే ఒక కారణం.

దాదాపు వందేళ్ల తరువాత, 1930లో టోక్యోలో యోగొరో కాటో, తకేషి టకెయి ఇనుప వలయం స్థానంలో ఫెర్రైట్‌ను వాడేందుకు బాట వేశారు. ఇనుప ఆక్సైడుకు ఇతర లోహాల ఆక్సైడులు కలిపి, కుండలా కాల్చి దీనిని తయారుచేస్తారు. కంప్యూటర్ తీగలో సంకేతం వెళ్లే దిశ, తిరిగివచ్చే దిశ పరస్పర విరుద్ధం కనుక వాటి అయస్కాంత ప్రభావాలు వలయంలో రద్దవుతాయి. అన్ని తీగల్లో ఒకే దిశగా పరుగెత్తే అధిక పౌనఃపున్య అలజడిని మాత్రం వలయం నిరోధించి, చాలావరకు వేడిగా మారుస్తుంది.

గణితంలో పెద్ద శిక్షణ లేని ఫారడే భావనలకు తరువాత మాక్స్‌వెల్ సమీకరణాల రూపమిచ్చారు. ఫారడే పరిశోధన కోసం ఆదాయం తెచ్చే పనులను చాలావరకు వదులుకున్నారు. సర్ బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని నిరాకరించారు. 1867 ఆగస్టు 25న కన్నుమూశారు. ఆయన తీగలు చుట్టిన ఇనుప వలయం నేటికీ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో భద్రంగా ఉంది.