మాధుకరం ఋణం తీర్చిన గళం

విజయనగరం వీధులలో ఒకప్పుడు ఒక బాలుడు భుజాన జోలె తగిలించుకొని, ఇంటింటి ముంగిట నిలిచి అన్నం యాచించేవాడు. తుమ్మెద పువ్వుపువ్వునా కొంచెం కొంచెం తేనె గ్రహించినట్లు, ఏ ఇంటికీ భారం కాకుండా ఇంటికొక ముద్ద చొప్పున స్వీకరించడమే మాధుకరం. విద్యార్థికి అది పూర్వకాలం నుండి అంగీకరించబడిన మార్గమే. ఐనను, ఆత్మాభిమానం గల పిల్లవానికి మొదటి గుమ్మం ముందు గొంతు పెగలడం ఎంత కష్టమో ఊహించవచ్చును. ఆ గొంతే కొన్ని సంవత్సరాలకు తెలుగుదేశమంతటా ప్రతిధ్వనించినది. ఆ బాలుడే ఘంటసాల వెంకటేశ్వరరావు.

ఆయన 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లి గ్రామంలో జన్మించారు. తల్లి రత్తమ్మగారు, తండ్రి సూరయ్యగారు. సూరయ్యగారికి నారాయణతీర్థుల తరంగాలన్న ప్రాణం. భజన గోష్ఠులకు వెళ్ళునప్పుడు కుమారుని భుజాలపై ఎక్కించుకొని తీసుకొని పోయేవారు. తండ్రి తరంగం పాడుచుండగా బాలుడు అడుగులు వేసేవాడు. చూచినవారు ముచ్చటపడి బాలభరతుడని పిలిచేవారు. ఆ ముచ్చట ఎక్కువకాలం సాగలేదు. ఘంటసాల బాల్యంలోనే తండ్రి కన్నుమూశారు. కుమారుడు సంగీత విద్వాంసుడు కావాలన్నదే ఆ తండ్రి చివరి కోరిక. కుటుంబభారం మేనమామ ర్యాలి పిచ్చిరామయ్యగారు వహించారు.

తండ్రి కోరిక బాలుని మనస్సులో నాటుకొని పోయినది. సంగీతం చెప్పుదురన్న ఆశతో కొందరి ఇండ్లలో చేరి ఊడిగం చేశాడు. ఒకచోట బట్టలు ఉతకడం, ఒకచోట వంట చేయడం సంప్రాప్తించినవి గాని సంగీతం మాత్రం ప్రాప్తించలేదు. చివరకు చేతికున్న బంగారపు ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు అమ్ముకొని, ఎవరికీ చెప్పకుండా విజయనగరం బయలుదేరాడు. అక్కడి మహారాజావారి సంగీత కళాశాలకు ఆ రోజులలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు అధ్యక్షులు. బాలుడు వెళ్ళునప్పటికి వేసవి సెలవులు. కళాశాల మూసి ఉన్నది. నాయుడుగారు దయతలచి ఆవరణలో ఉండనిచ్చారు. వారాలు చేసుకొంటూ కాలం గడుపుతుండగా, ఎవరో చేసిన తప్పునకు ఈతడు ఆ నీడను కూడ పోగొట్టుకొన్నాడు. వారాలిచ్చే ఇండ్లవారు ఇక రావద్దన్నారు. ఊరి గుడిలో తలదాచుకొనవలసి వచ్చినది.

ఆ స్థితిలో ఆయనను చేరదీసిన మహనీయుడు పట్రాయని సీతారామశాస్త్రిగారు. సాలూరు చిన్న గురువుగారని ప్రసిద్ధి వహించిన విద్వాంసుడాయన. గాత్రంలో భావమే ప్రాణమని నమ్మినవారు. వారికి విద్య సమృద్ధిగా ఉన్నది గాని ధనం లేదు. పాఠం ఉచితంగా చెప్పగలరు. ప్రతిదినం మరొకరికి భోజనం పెట్టే శక్తి లేదు. కావున శిష్యుడు జోలె పట్టినాడు. ఒకపూట తెచ్చిన అన్నంలో కొంత రెండవపూటకు గుడ్డలో కట్టి ఉంచుకొనేవాడు. ఆ మూటకు చీమలు పట్టేవి. వాటిని దులుపుకొని తినేవాడు. తిని మరల సాధనకు కూర్చునేవాడు. శిక్షణ కఠినమైనది, శిష్యుడు అంతకంటె పట్టుదల గలవాడు. కళాశాలలో చేరి, ఆ చదువు పూర్తిచేసి, విద్వాంసుడై వెలువడినాడు.

స్వగ్రామం చేరి కచేరీలు చేస్తూ, పిల్లలకు సంగీతం చెప్పుచుండగా 1942 వచ్చినది. క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని అరెస్టయినారు. బళ్ళారి సమీపంలోని అలీపురం జైలులో గడిపినారు. విడుదలైన తరువాత, 1944లో సావిత్రిగారిని వివాహమాడినారు. అత్తవారి ఊరు పెదపులివర్రు. కవి, చలనచిత్ర రచయిత సముద్రాల రాఘవాచార్యులుగారి ఊరును అదే. సముద్రాలవారు ఈ యువకుని పాట విని మద్రాసు రమ్మన్నారు.

మద్రాసులో వెంటనే ఆదరణ లభించలేదు. పగలు అవకాశాలకై తిరిగి, రాత్రులు పానగల్ పార్కులో పడుకొన్న దినాలున్నవి. రేడియోలో పాడినారు; బృందగానాలలో గొంతు కలిపినారు; చిన్న వేషాలు వేశారు. 1945లో వచ్చిన స్వర్గసీమ చిత్రంలో భానుమతిగారితో కలిసి పాడే అవకాశం కలిగినది. అక్కడినుండి వెనుదిరిగి చూడలేదు. మనదేశం (1949), షావుకారు (1950), పాతాళభైరవి (1951) చిత్రాలకు సంగీత దర్శకులైనారు. సి. ఆర్. సుబ్బరామన్ సంగీతంలో దేవదాసు (1953) పాటలు పాడి, తెలుగునాట ఇంటింటివారైనారు. మాయాబజార్ (1957)లో కొన్ని పాటలకు సాలూరు రాజేశ్వరరావుగారు బాణీలు కూర్చి తప్పుకొనగా, తక్కిన సంగీతమంతా ఘంటసాల సమకూర్చినారు. లవకుశ (1963) పాటలు పల్లెపల్లెలో పిల్లల నోట పలికినవి.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టవచ్చును. జోలె పట్టి ఆర్జించిన శాస్త్రీయ విద్యను సినిమాకు ధారపోయడం సబబా? కచేరీ వేదికపై వెలుగవలసిన విద్వాంసుడు పాత్రల పెదవుల వెనుక దాగిపోలేదా? ఆ కాలంలో ఇట్లు తలచిన సంగీతజ్ఞులు లేకపోలేదు. ఈ ప్రశ్నకు ఆయన పాడిన పద్యమే సమాధానం చెప్పుచున్నది.

అంతకు పూర్వం రంగస్థలంపై పద్యానికి రాగాలాపన ప్రధానంగా ఉండేది. నటుడు ఒక్కొక్క పాదం చివర దీర్ఘంగా రాగం తీసేవాడు; ప్రేక్షకులు మరల మరల పాడించుకొనేవారు. రాగవైభవంలో కవి చెప్పిన మాట మరుగున పడేది. ఘంటసాల ఈ వరుసను మార్చినారు. పద్యాన్ని అర్థం ననుసరించి విరిచి, ప్రతి మాట స్పష్టంగా వినిపించి, రసానికి తగిన రాగాన్ని మితంగా వాడినారు. రాగం పద్యానికి వాహనమైనదే గాని యజమాని కాలేదు. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపం, కుంతీకుమారి ఖండికలను ఆయన గళంలో విని, పద్యమన్న భయపడే విద్యార్థులు కూడ వాటిని కంఠస్థం చేశారు. భావమే ప్రాణమన్న గురువుగారి పాఠం ఇంతకంటె విస్తృతంగా ఏ కచేరీ వేదిక పంచిపెట్టగలదు? పోతన పుట్టినదని చెప్పుకొనే బమ్మెర గల జనగామ ప్రాంతంలో గాని, బయ్యారం చెరువు క్రింది పల్లెలలో గాని, నేడు ఒక ఉపాధ్యాయుడు తరగతిలో పద్యాన్ని విరిచి, నిలిపి, రాగయుక్తంగా చదివినచో, అందులో ఘంటసాల పద్ధతి కొంతైనా వినిపించును.

గురుఋణాన్ని ఆయన మరొక విధంగా కూడ స్మరించినారు. సీతారామశాస్త్రిగారి కుమారులు పట్రాయని సంగీతరావుగారిని తన సహాయకులుగా ఆహ్వానించి, కడవరకు చేదోడుగా నిలుపుకొన్నారు. గురువు ఇంట శిష్యుడు పొందిన ఆశ్రయం, శిష్యుని సంగీతశాలలో గురుపుత్రునికి గౌరవస్థానంగా తిరిగివచ్చినది.

1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీ బిరుదంతో సత్కరించినది. 1971లో ఐరోపా, అమెరికాలలో పర్యటించి ప్రవాసాంధ్రులకు పాట వినిపించినారు. అప్పటికే ఆరోగ్యం క్షీణించుచున్నది. మధుమేహం బాధించుచుండగా 1972లో హైదరాబాదు రవీంద్రభారతి కచేరీలో గుండెనొప్పి కూడ తోడైనది. ఆ దశలోనే భగవద్గీత శ్లోకాలను ఎంచి, తెలుగు తాత్పర్యంతో గానం చేశారు. అలసిన శరీరం నుండి వచ్చిన ఆ స్వరంలో అలసట కనిపించదు. ఆ రికార్డు వెలువడునప్పటికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసులో పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరాలు.

విచారించదగిన విషయమొకటి ఉన్నది. నేడు ఆ గీతాగానం అంతిమయాత్రల వెంట వినిపించడం ఆచారమైపోయినది. దూరాన ఆ గళం వినగానే ఎవరు పోయినారోయని అడిగేవారున్నారు. కర్తవ్యం తోచక ధనుస్సు జారవిడిచిన వానిని మరల నిలబెట్టడానికి చెప్పబడినది గీత. దానిని పాడినవాడు ఆకలికి, అవమానానికి జంకక నిలబడినవాడు. అట్టి గానం పోయినవారికంటె ముందు బ్రతికియున్నవారికి, అందునా చదువుకొనే పిల్లలకు, వినిపించవలసి ఉన్నది.

ఇంటికొక ముద్ద చొప్పున విజయనగరం తల్లులు పెట్టిన అన్నం ఆ గళాన్ని నిలబెట్టినది. ఆ ముద్దలు పెట్టినవారిలో ఎవరికీ తాము ఎవరిని పోషించుచున్నామో తెలియదు. పాఠశాలలో పేద విద్యార్థికి ఒక పుస్తకమో, ఒక పూట భోజనమో, గంటసేపు ఉచితంగా పాఠమో ఇచ్చే ఉపాధ్యాయునికి కూడ అది తెలియదు. తెలియకపోయినను ఇచ్చుటయే సీతారామశాస్త్రిగారు చేసినది.