చూడని నగరానికి పునాది వేసిన జంషెడ్జీ టాటా

భారత ఉక్కు పరిశ్రమకు ఆద్యుడిగా జంషెడ్జీ నస్సర్వాన్జీ టాటా పేరు దేశమంతటికీ సుపరిచితం. ఆయన పేరున వెలసిన జంషెడ్‌పూర్ నగరాన్ని మాత్రం ఆయన చూడలేదు. ఆ స్థలం ఎంపికయ్యేనాటికి ఆయన మరణించి మూడేళ్లు దాటింది. ముడిసరకు, నీరు, రైలు మార్గం కలిసే చోటికి పరిశ్రమ తరలుతుందని, దాని వెంటే జనావాసం ఏర్పడుతుందని ముందే గ్రహించడంలోనే ఆయన దూరదృష్టి వ్యక్తమవుతుంది.

జంషెడ్జీ 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవసారిలో పార్శీ పురోహిత కుటుంబంలో జన్మించారు. తండ్రి నస్సర్వాన్జీ కులవృత్తిని విడిచి బొంబాయిలో వ్యాపారం ప్రారంభించారు. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో 1858లో చదువు ముగించుకొన్న జంషెడ్జీ తండ్రికి తోడుగా నిలిచారు. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధం వల్ల భారత పత్తికి అనూహ్యమైన గిరాకీ ఏర్పడి బొంబాయి వర్తకులకు కాసులు కురిశాయి. 1865లో యుద్ధం ముగియడంతో ధరలు కుప్పకూలాయి. టాటా కుటుంబం కూడా తీవ్రంగా నష్టపోయింది. 1868లో 21 వేల రూపాయల పెట్టుబడితో జంషెడ్జీ సొంత వ్యాపారం స్థాపించారు.

ఆ రోజుల్లో నూలు మిల్లులు ఎక్కువగా బొంబాయిలోనే ఉండేవి. కొత్త మిల్లుకు జంషెడ్జీ నాగపూర్‌ను ఎంచుకోవడం పలువురికి వింతగా తోచింది. కాని చుట్టూ పత్తి పొలాలు, చేరువలో బొగ్గు, బొంబాయికి రైలు మార్గం ఉన్న ఆ పట్టణం అన్ని విధాలా అనుకూలమని ఆయన నిర్ణయించారు. 1877 జనవరి 1న అక్కడ ఎంప్రెస్ మిల్లు ప్రారంభమైంది. మిల్లుతోపాటు నాగపూర్‌లో కార్మిక జనాభా కూడా పెరిగింది.

ఆయన దృష్టి అనంతరం ఇనుముపైకి మళ్లింది. 1882లో చాందా జిల్లా ఇనుప ఖనిజంపై ఒక జర్మన్ నిపుణుడి నివేదిక ఆయనను ఆకర్షించింది. అయితే సమీపంలోని వరోరా బొగ్గు ఇనుము కరిగించడానికి పనికిరాలేదు. పైగా నాటి గనుల నిబంధనలు ప్రోత్సాహకరంగా లేవు. 1899లో కర్జన్ ప్రభుత్వం వాటిని సడలించాక ఆయన తిరిగి ఉద్యమించారు. 1902లో అమెరికా వెళ్లి ఉక్కు కర్మాగారాలను పరిశీలించారు. స్థలమైనా నిర్ణయం కాకముందే, కార్మికుల పట్టణంలో విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు, అన్ని మతాలవారికీ ప్రార్థనాలయాలు ఉండాలని కుమారుడు దోరాబ్జీకి లేఖ రాశారు.

1904 ఫిబ్రవరిలో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలోని మేలైన ఖనిజ నిక్షేపాల గురించి లేఖ ద్వారా తెలియజేశారు. అదే ఏడాది మే 19న జంషెడ్జీ జర్మనీలో కన్నుమూశారు. అన్వేషణను దోరాబ్జీ కొనసాగించారు. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. ఆ ఏడాది చివర సింగ్‌భూమ్ జిల్లాలోని సాక్చీ గ్రామం ఎంపికైంది. ఒకవైపు గోరుమహిసాని ఖనిజం, మరోవైపు ఝరియా బొగ్గు, చెంతనే సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం, దగ్గరలో కాలీమాటి రైల్వే స్టేషన్ ఉండటమే అందుకు కారణం. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె వెలువడింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ సాక్చీకి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కాలీమాటి స్టేషన్ టాటానగర్ అయింది.

1911 జనగణనలో ఆరు వేల లోపున్న జనాభా పదేళ్లలో 57 వేలు దాటింది. బీహార్, బెంగాల్, ఒరిస్సా, పంజాబ్‌ల నుంచి జీవనోపాధికై జనం తరలివచ్చారు. ఉత్తర కోస్తా జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువారు కూడా అక్కడే స్థిరపడ్డారు. 2011 నాటికి నగర పరిసర ప్రాంతాలతో కలిపి జనాభా 13 లక్షలు మించింది.

ఈ చరిత్రకు మరో పార్శ్వమూ ఉంది. సాక్చీ నిర్జన ప్రదేశం కాదు. తరతరాలుగా అక్కడ సేద్యం చేసుకొంటున్న సంథాల్, హో, భూమిజ్ ప్రజలు కర్మాగారం కోసం భూములు వదులుకోవలసి వచ్చింది. వారిలో పలువురు అదే నేలపై కూలీలయ్యారు. వచ్చినవారందరికీ ప్రణాళికాబద్ధమైన ఇళ్లు దక్కలేదు. ఎందరో బస్తీలలో తలదాచుకొన్నారు.

జంషెడ్జీ తొలి విజయానికి గుర్తయిన ఎంప్రెస్ మిల్లు కాలక్రమంలో మూతపడింది. ఆ స్థలంలో వాణిజ్య సముదాయం వెలసింది. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం మాత్రం శతాబ్దం దాటినా పనిచేస్తూనే ఉంది. జనావాసాలను నిలబెట్టేది కేవలం ప్రకృతి సంపద కాదనీ, దాని విలువను నిర్ణయించే ఆర్థిక పరిస్థితులు కూడాననీ ఈ రెండు పట్టణాల అనుభవం నిరూపిస్తోంది. నేలను ఎంచేవారు అక్కడికి రాబోయే వారితోపాటు అప్పటికే ఉన్నవారి గురించీ ఆలోచించాలన్నది సాక్చీ నేర్పే పాఠం.