ఇనుప బాట – నీటి బాట

కర్నూలు సీమలోని డోన్ పట్టణానికి ద్రోణాచలమనే మరొక పేరు ఉంది. రైలు బాటలు కలిసే కూడలిగా ఆ ఊరు ప్రసిద్ధి చెందింది. చుట్టుపట్ల నేల గర్భంలో సున్నపురాయి, నాపరాయి పుష్కలంగా లభిస్తాయి. నేలపైన మాత్రం నీటికి కరవు. ఆ ఊరికి రైలు వచ్చింది, కాలువ రాలేదు. ఈ చిన్న వాక్యంలో పందొమ్మిదవ శతాబ్దంలో సాగిన ఒక మహావివాదం ఇమిడి ఉంది. ఈ దేశానికి ముందుగా కావలసినది ఇనుప బాటయా, నీటి బాటయా అన్నదే ఆ వివాదం. నీటి బాటయే ముఖ్యమని జీవితాంతం వాదించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్. భారతదేశంలో తొలిసారిగా ఇనుప పట్టాలు పరపించినవాడు కూడా ఆయనే కావడం విశేషం.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించాడు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌కు ఆయన పదవ కుమారుడు. పెద్ద కుటుంబంలో పుట్టిన పిల్లలకు వారసత్వంగా వచ్చే సంపద స్వల్పం. స్వశక్తితో బ్రతుకుతెరువు వెతుక్కోవలసిందే. పదిహేనవ ఏట ఆయన ఈస్టిండియా కంపెనీవారి అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరి ఇంజనీరింగు అభ్యసించాడు. 1821లో మద్రాసు చేరుకున్నాడు. 1824లో మొదలైన మొదటి బర్మా యుద్ధంలో సైనికుడిగా పాల్గొన్నాడు. యుద్ధరంగం నుండి తిరిగివచ్చిన తరువాత ఆయన దృష్టి నదుల మీదికి మళ్ళింది.

ఆ కాలంలో కావేరి నది పరిస్థితి దయనీయంగా ఉండేది. నీటిలో అధికభాగం కొల్లిడం పాయలోకి జారిపోవడం వలన తంజావూరు పొలాలు బీడువారసాగాయి. అక్కడ ప్రాచీన చోళరాజుల నాటిదని ప్రసిద్ధి వహించిన కల్లణై ఆనకట్ట ఉంది. ఇసుక నేలపై రాళ్ళు పేర్చి ఆ కట్టడాన్ని నిలిపిన విధానాన్ని కాటన్ శ్రద్ధగా పరిశీలించాడు. నదిలో ఎంత లోతు తవ్వినా గట్టిరాయి తగలనిచోట పునాది ఎలా వేయాలన్నది పాశ్చాత్య ఇంజనీర్లకు తెగని సమస్య. బరువైన రాళ్ళను ఇసుకలో పడవేస్తే అవి కొంతవరకు క్రుంగి, ఆపైన కదలకుండా నిలుస్తాయి. వాటిమీద కట్టడం లేపవచ్చు. ఈ రహస్యాన్ని కాటన్ ఈ దేశపు పూర్వశిల్పుల నుండి గ్రహించాడు. తాను నేర్చినది వారి వద్దనేనని దాపరికం లేకుండా అంగీకరించాడు. ఆ పద్ధతిలోనే 1836లో కొల్లిడంపై ఎగువ, దిగువ ఆనకట్టలు నిర్మించి తంజావూరు సీమను నిలబెట్టాడు.

మరుసటి సంవత్సరం, అంటే 1837లో, ఇంగ్లండులో విక్టోరియా రాణి సింహాసనమెక్కింది. ఆ ఏడాదే మద్రాసు సమీపంలోని రెడ్ హిల్స్ నుండి చింతాద్రిపేట వరకు రహదారుల నిర్మాణానికి రాయి తరలించడం కోసం కాటన్ ఇనుప పట్టాలు వేయించాడు. భారతదేశంలో మొట్టమొదటి రైలు మార్గంగా చరిత్రకారులు దీనినే పేర్కొంటారు. బొంబాయి నుండి ఠాణాకు ప్రయాణికుల రైలు నడిచినది 1853లో. అంతకు పదహారేళ్ళ ముందే మద్రాసులో పట్టాలపై బండ్లు కదిలాయన్నమాట.

ఇక గోదావరి. నేడు అన్నపూర్ణగా కొనియాడబడుతున్న ఆ మండలం ఆనాడు ఆకలితో అలమటించింది. 1832–33లో వచ్చిన నందన నామ సంవత్సరపు కరవు గుంటూరు మొదలైన జిల్లాలను శ్మశానంగా మార్చింది. ప్రజలు దానిని డొక్కల కరువని పిలిచారు. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచివేసింది. అఖండమైన నది చెంతనే ప్రవహిస్తున్నా, ఆ నీరు వృథాగా సముద్రం పాలవుతున్నందున రైతు వానకోసం ఆకాశం వైపు చూస్తూ గడిపేవాడు. కాటన్ నదీతీరమంతా తిరిగి, నేల ఎత్తుపల్లాలు కొలిచి, 1844–45లో ప్రభుత్వానికి నివేదికలు సమర్పించాడు. కంపెనీ పాలకులు ఆదాయవ్యయాలు లెక్కించి అనుమతి ప్రసాదించారు. 1847లో ధవళేశ్వరం వద్ద పని ప్రారంభమైంది.

ఆ స్థలాన్ని ఎన్నుకోవడంలోనే కాటన్ ప్రతిభ వెల్లడవుతుంది. అక్కడ గోదావరి మిక్కిలి వెడల్పుగా ప్రవహిస్తుంది. నడుమ లంకలు ఏర్పడి నది నాలుగు పాయలుగా చీలింది. వెడల్పు పెరిగినకొద్దీ వరద లోతు, వేగం తగ్గుతాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టడానికి ఆ లంకలు ఆధారమయ్యాయి. రాతికి ధవళేశ్వరం కొండ దగ్గరలోనే ఉంది. ఆ కొండ నుండి నదివరకు ఇనుప పట్టాలు పరచి, వాటిపై బండ్లలో రాళ్ళు చేరవేశారు. సుమారు పదివేలమంది కూలీలు పనిచేసిన ఆ నిర్మాణానికి పనిముట్లు చేయడానికి, బాగుచేయడానికి ఇనుప పని జరిగే కర్మాగారం ధవళేశ్వరంలో వెలసింది. కొలిమి మండనిదే రాయి కదలదు. రాయి కదలనిదే నీరు మళ్ళదు.

1848లో కాటన్ ఆరోగ్యం క్షీణించి ఆస్ట్రేలియా వెళ్ళవలసి వచ్చింది. ఆ కాలంలో కెప్టెన్ ఓర్ బాధ్యత వహించాడు. 1850లో కాటన్ తిరిగివచ్చి 1852 నాటికి ఆనకట్టను పూర్తిచేశాడు. ఆయన సహచరుడు హేగ్ గన్నవరం వద్ద గోదావరి పాయపై నలభైతొమ్మిది తూముల అక్విడక్టును నిర్మించి కోనసీమకు నీరందించాడు. కూలీలను సమీకరించి, పనులను పర్యవేక్షించిన వీణెం వీరన్న వంటి తెలుగువారి శ్రమ కూడా ఈ సందర్భంలో స్మరించదగినది. తరువాత మూడేళ్ళలో కృష్ణానదిపై విజయవాడ ఆనకట్ట ఓర్ ఆధ్వర్యంలోనే పూర్తయింది.

ఈనాడు ధవళేశ్వరం వెళ్ళిన విద్యార్థి కాటన్ స్మారక మ్యూజియంలో ఆ చరిత్ర శేషాలను దర్శించవచ్చు. 1988లో ఏర్పడిన ఆ మ్యూజియంలో చిత్రపటాలు, ఆనకట్ట నమూనాలు, నిర్మాణంలో వాడిన ఇనుప యంత్రాలు, పనిముట్లు భద్రపరచబడి ఉన్నాయి. బ్రిటన్‌లో ఇటువంటి పారిశ్రామిక శేషాలకు గొప్ప గౌరవం ఉంది. కోల్‌బ్రూక్‌డేల్‌లో 1709లో ఏబ్రహాం డార్బీ కోకు బొగ్గుతో ఇనుము కరగించిన కొలిమిని పదిలపరిచారు. వేల్స్ దేశంలోని బ్లేనావన్ ఇనుప కర్మాగారం ఉన్న ప్రాంతం 2000 సంవత్సరంలో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అక్కడి శేషాలు యంత్రయుగపు సంపదను చెపుతాయి. ధవళేశ్వరంలోని ఇనుము వేరొక కథ చెపుతుంది. ఆ యంత్రాలు ఫిరంగులు పోయలేదు, బట్టలు నేయలేదు. ఒక నదిని పొలాలవైపు తిప్పడానికి తోడ్పడ్డాయి. మ్యూజియంలో నిలిచి చూచేవారు యంత్రం ఆకారంతోపాటు అది చేసిన పనిని కూడా తలచుకోవాలి.

1854లో కాటన్ భారతదేశంలోని ప్రజాపనుల గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. అప్పటికి బ్రిటిషు పాలకుల దృష్టి రైళ్ళమీద నిలిచింది. సైన్యాన్ని త్వరగా తరలించడానికి, పత్తిని రేవులకు చేర్చడానికి, ఇంగ్లండు సరుకులను ఊరూరా అమ్మడానికి రైలు ఉపకరిస్తుంది. కాటన్ దీనిని ప్రతిఘటించాడు. రైలు ధాన్యాన్ని మోయగలదు కాని పండించలేదని, కాలువ ఆ రెండు పనులూ చేయగలదని ఆయన తర్కం. కాలువలో పడవ తక్కువ ఖర్చుతో సరుకు మోస్తుంది. అదే నీరు పొలం తడుపుతుంది. దేశంలోని నదులన్నిటినీ కాలువలతో కలపాలని ఆయన స్వప్నించాడు.

ఆ స్వప్నంలో రాయలసీమకు పెద్ద స్థానమే ఉంది. తుంగభద్ర నీటిని బళ్ళారి, కర్నూలు, కడప సీమల మీదుగా నెల్లూరు తీరందాకా నడిపించాలని ఆయన ఆశయం. ప్రభుత్వోద్యోగం నుండి విరమించి, 1861లో సర్ బిరుదు పొందిన కాటన్ ఈ ఆశయసాధనకు లండనులో ఏర్పడిన మద్రాసు నీటిపారుదల కంపెనీకి అండగా నిలిచాడు. పది లక్షల పౌన్ల మూలధనంపై నూటికి ఐదు వంతున ప్రభుత్వం వడ్డీకి హామీ ఇచ్చింది. కర్నూలుకు ఎగువన తుంగభద్రపై సుంకేశుల వద్ద ఆనకట్ట, అక్కడినుండి కడపవరకు సుమారు 306 కిలోమీటర్ల కాలువ 1863, 1870 మధ్య నిర్మాణమయ్యాయి. అదే కర్నూలు–కడప కాలువ. జనం వాడుకలో కె.సి. కాలువ. పడవలు ఎగువ మట్టం నుండి దిగువ మట్టానికి దిగడానికి దానిపై లాకులు కట్టారు. అయితే అది కుందేరు లోయ వెంట సాగింది. ఎర్రమల కొండలకు పడమట, ఎత్తున ఉన్న డోన్, పత్తికొండ ప్రాంతాలకు ఆ నీరు అందలేదు.

గోదావరిపై వరించిన విజయలక్ష్మి తుంగభద్రపై కాటన్‌ను వరించలేదు. వ్యయం అంచనాలను మించిపోయింది. తలచిన పథకంలో కొద్దిభాగమే పూర్తయింది. రైతులు కూడా నీటిని వెంటనే స్వీకరించలేదు. ఇందుకు వారిని నిందించడం న్యాయం కాదు. అక్కడి నల్లరేగడి నేల వాననీటిని చాలాకాలం పట్టి ఉంచుతుంది. జొన్న, పత్తి వంటి మెట్టపంటలు అందులో చక్కగా పండుతాయి. వాన కురిసిన ఏడు నీటితీరువా చెల్లించి కాలువ నీరు పెట్టుకోవలసిన అవసరం వారికి కనిపించలేదు. వరి పండించే డెల్టా నేలకు, మెట్ట సేద్యపు రేగడినేలకు గల అంతరాన్ని కంపెనీ లెక్కలు పట్టించుకోలేదు.

ఇంతలో 1876లో ధాత నామ సంవత్సరపు మహాక్షామం విరుచుకుపడింది. 1878 వరకు కొనసాగిన ఆ కరవులో కర్నూలు జిల్లా ఘోరంగా నష్టపోయింది. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చి చూస్తే ఆ జిల్లా జనంలో ఇంచుమించు నాలుగవ వంతు తరిగిపోయినట్లు తెలుస్తుంది. మద్రాసు నుండి రాయచూరు వెళ్ళే రైలు మార్గం 1871 నాటికే గుత్తి మీదుగా సాగింది. ధాన్యం గుత్తి దాకా రైలులో చేరినా, అక్కడినుండి పల్లెలకు మోయవలసిన ఎడ్లు మేతలేక నేలకొరిగాయి. ఆ కష్టకాలంలో కాలువ కింది పొలాలు మాత్రం పచ్చగా నిలిచాయి. అంతకుముందు నీరు వద్దన్నవారు సైతం నీటికై వచ్చారు. ఇనుప బాట, నీటి బాట రెండింటి బలమూ బలహీనతా ఆ రెండేళ్ళలో కర్నూలు నేలమీదనే తేటతెల్లమయ్యాయి.

అయినప్పటికీ 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘం కాటన్‌ను పిలిపించి కఠినంగా ప్రశ్నించింది. డెబ్బైఐదేళ్ళ వృద్ధుడు తన పథకాల లాభనష్టాలకు సమాధానం చెప్పవలసి వచ్చింది. సంఘం ఆయన వాదాన్ని ఆమోదించలేదు. పాలకుల గణనలో కాలువకు వచ్చే ఆదాయం ఉంది. కాలువ లేనందువలన పోయిన ప్రాణాల పద్దు లేదు. 1882లో ప్రభుత్వం కె.సి. కాలువను కంపెనీ నుండి కొనివేసింది. 1933 తరువాత దానిపై పడవల రాకపోకలు ఆగిపోయి, అది సేద్యపు కాలువగానే మిగిలింది. సుంకేశుల పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడు కోట్ల విజయభాస్కర రెడ్డి పేరిట బ్యారేజీ ఉంది. నాడు నష్టాల కాలువగా ముద్రపడిన ఆ ప్రవాహమే నేడు కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాల రైతుకు జీవనాధారం.

కాటన్ చివరి దినాలు ఇంగ్లండులోని డార్కింగులో గడిచాయి. అక్కడ కూడా విశ్రమించక, నేలను లోతుగా దున్ని గోధుమ పండించే ప్రయోగాలు చేశాడు. 1899 జూలై 24న, తొంభైఆరవ ఏట మరణించాడు. గోదావరిపై పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి నిర్మాణమైన 175 ఇనుప తలుపుల బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. గోదావరి మండలంలో ఊరూరా ఆయన విగ్రహాలు కనిపిస్తాయి. పరజాతి పాలకవర్గానికి చెందిన వ్యక్తికి ఇంతటి ఆదరం లభించడం అరుదు. ఆనకట్టలు కట్టించిన కంపెనీ తన రాబడినే చూసుకుంది. కాటన్ మాత్రం ఆ రాబడి లెక్కలను చూపించి, వాటి చాటున ప్రజలకు అన్నం సాధించాడు.

ఈ జీవితం నుండి విద్యార్థులు గ్రహించవలసిన విషయాలు రెండు. పూర్వుల విజ్ఞానాన్ని వినయంతో నేర్చుకున్నచోట కాటన్ గెలిచాడు. కావేరి పాఠమే గోదావరిని కట్టింది. ఒకచోట ఫలించిన పద్ధతిని వేరొకచోట, అక్కడి నేలను, సేద్యాన్ని పూర్తిగా ఎరుగకుండా అమలుచేసినపుడు ఆయనవంటి ప్రతిభావంతునికి కూడా ఎదురుదెబ్బ తప్పలేదు. సీమకు నీరు కావాలన్న ఆయన తలంపు సత్యమైనది. ఆ నీరు ఏ నేలకు ఎంత, ఏ పంటకు ఎప్పుడు అన్న ప్రశ్నకు జవాబు ఆ నేలపై పుట్టినవారు వెదకవలసి ఉంది. ధవళేశ్వరంలోని ఇనుప యంత్రాలను, సుంకేశుల వద్ద తుంగభద్రను రెండింటినీ చూచిన విద్యార్థికి ఆ వెదుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.