లేఖానీతి - సేనాపతి పరివర్తనం : అబ్రహాం లింకన్ జీవితం

కౌటిల్యుడు అర్థశాస్త్రంలోని శాసనాధికార ప్రకరణంలో రాజలేఖకు ఆరు గుణాలు చెప్పినాడు. అర్థక్రమం, సంబంధం, పరిపూర్ణత, మాధుర్యం, ఔదార్యం, స్పష్టత్వం అని వాటి పేర్లు. సంధివిగ్రహాలు రెండూ శాసనమూలాలు కావున లేఖారచన రాజ్యతంత్రంలో ప్రధానమైనదని ఆచార్యుని అభిప్రాయం. ఈ ప్రకరణాన్ని పాఠం చెప్పునపుడు ఉదాహరణలకై మనం సాధారణంగా శిలాతామ్రశాసనాల వైపు చూస్తాము. కాని అవి ఎక్కువగా దానశాసనాలు. యుద్ధం నడుచుచుండగా పాలకుడు సేనాపతులకు వ్రాసిన లేఖలు తేదీలతో సహా నిలిచి ఉండుట అరుదు. అట్టి సామగ్రి అమెరికా సంయుక్త రాష్ట్రాల 16వ అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ జీవితంలో సమృద్ధిగా లభిస్తున్నది. ఆ జీవితాన్ని ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశం.

లింకన్ 1809 ఫిబ్రవరి 12వ తేదీన కెంటకీ రాష్ట్రంలో ఒక దుంగల గుడిసెలో జన్మించినాడు. తొమ్మిదవ ఏట తల్లి గతించినది. బడిలో కూర్చున్న దినాలన్నీ కలిపినా ఒక సంవత్సరం నిండదు. ఎరువు తెచ్చుకొన్న పుస్తకాలతో స్వయంగా చదువుకొని, 1836లో న్యాయవాద వృత్తికి అర్హత పొంది, ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డు నగరంలో స్థిరపడినాడు. యూక్లిడ్ క్షేత్రగణితాన్ని పట్టుదలతో అభ్యసించినాడు. ప్రతిజ్ఞ, హేతువు, నిగమనం తప్పని అతని వాక్యశైలికి న్యాయస్థానమూ ఆ గణితమూ రెండూ కారణాలే.

యుద్ధవిద్యలో అతని అనుభవం స్వల్పం. 1832లో బ్లాక్‌హాక్ అను మూలవాసి నాయకునిపై జరిగిన దండయాత్రలో గ్రామీణ దళం అతనిని కెప్టెనుగా ఎన్నుకొన్నది గాని, అతనికి పోరు తటస్థించలేదు. 1861 మార్చి 4వ తేదీన అధ్యక్షపదవి స్వీకరించునాటికి దాక్షిణాత్య రాష్ట్రాలలో ఏడు విడిపోయి ఉన్నవి. వాటి అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ వెస్ట్‌పాయింట్ సైనిక కళాశాలలో చదివినవాడు, మెక్సికో యుద్ధంలో పోరాడినవాడు, యుద్ధమంత్రిగా పనిచేసినవాడు. ఏప్రిల్ 12న సమ్టర్ దుర్గంపై ఫిరంగులు మ్రోగినవి. బానిసత్వం మూలకారణమైన ఆ అంతర్యుద్ధం నాలుగేండ్లు సాగినది.

అధ్యక్షభవనంలో నాడు తంతి యంత్రం లేదు. ప్రక్కనే ఉన్న యుద్ధశాఖ భవనంలో తంతి కార్యాలయం ఉండెడిది. లింకన్ ప్రతిదినం అచ్చటికి నడచిపోయి, వచ్చిన వార్తలన్నీ స్వయంగా చదివెడివాడు. సంకుల సమరం జరుగు రాత్రులలో అక్కడనే జాగరణ చేసెడివాడు. పూర్వం దూత గుఱ్ఱమెక్కి పోవువరకైనా రాజుకు ఆలోచించుకొను వ్యవధి ఉండెడిది. తంతి ఆ వ్యవధిని హరించినది. ప్రభువు కోపం పుట్టిన గడియలోనే సేనాపతికి చేరగలదు, సేనాపతి కోపమూ అట్లే ప్రభువునకు చేరగలదు.

దీనికొక నిదర్శనం. 1862 జూన్ చివర రిచ్మండ్ సమీపంలో వెనుకకు తగ్గవలసి వచ్చిన సేనాపతి జార్జి మెక్లెల్లన్, ప్రభుత్వమే తన సైన్యాన్ని బలి పెట్టినదను నింద చేయుచు యుద్ధమంత్రికి తంతి పంపినాడు. తంతిశాఖలోని ఒక అధికారి ఆ చివరి వాక్యాలను తొలగించి తక్కిన భాగమే మంత్రికి అందజేసినాడు. ఒక వ్రాయసకాని వివేకం ఆ క్షణంలో ఒక కలహాన్ని ఆపినది.

మొదటి ప్రధానసేనాని విన్‌ఫీల్డు స్కాట్ 75 ఏండ్ల వృద్ధుడు. 1861 నవంబరులో అతడు తప్పుకొనగా ఆ స్థానం మెక్లెల్లన్‌కు దక్కినది. ఇతడు సైన్యాన్ని శిక్షణలో పెట్టుటయందు సమర్థుడు, సైనికులకు ప్రియుడు. కాని శత్రుబలాన్ని ఉన్నదానికంటె ఎంతో అధికంగా లెక్కించి కదలుటకు సంశయించెడివాడు. 1862 మార్చిలో లింకన్ అతని ప్రధానసేనాని పదవిని తొలగించి, పొటోమాక్ సైన్యం మాత్రం అతని క్రింద ఉంచినాడు. ఏప్రిల్ 9న అతనికి వ్రాసిన లేఖలో తన సద్భావాన్ని దాచక తెలిపి, ఏమైనను పోరు మొదలిడక తప్పదని ముగించినాడు. మాధుర్యమూ స్పష్టత్వమూ ఒకే పత్రంలో నిలిచిన లేఖ అది.

సెప్టెంబరు 17న యాంటీటమ్ వద్ద జయం లభించినా మెక్లెల్లన్ శత్రువును తరుమలేదు. గుఱ్ఱాలు అలసినవని అతడు అక్టోబరులో వ్రాయగా, యాంటీటమ్ తరువాత వాటికి అలసట కలుగునంత పని ఏమి జరిగినదని లింకన్ తంతి ద్వారా ప్రశ్నించినాడు. ఇది మాధుర్యం తప్పిన లేఖ. కొద్దిదినాలలోనే, తనవలన అన్యాయం జరిగి ఉన్నచో విచారిస్తున్నానని మరల వ్రాసినాడు. అయినను సేన కదలిక మందగతినే సాగినది.

నవంబరు 5న తొలగింపు ఉత్తరువు సిద్ధమైనది. దానిని తంతిలో పంపలేదు. బకింగ్‌హామ్ అను సేనాధికారి స్వయంగా కొనిపోయినాడు. మంచు కురియుచున్న 7వ తేదీన అతడు ముందుగా కొత్త సేనాపతి బర్న్‌సైడ్‌ను కలిసి అంగీకరింపజేసి, ఆ రాత్రి ఇద్దరూ మెక్లెల్లన్ శిబిరానికి వెళ్లినారు. మెక్లెల్లన్ శాంతంగా అధికారాన్ని అప్పగించినాడు. సైన్యానికి ప్రియుడైన సేనానిని తొలగించునపుడు ఒక్క దినమైనను సేన అనాయకం కాకుండ జరిపిన ఈ విధానం గమనింపదగినది.

బర్న్‌సైడ్ ఆ పదవిని లోగడ నిరాకరించినవాడు. డిసెంబరు 13న ఫ్రెడరిక్స్‌బర్గు వద్ద ఘోరపరాజయం కలిగినది. 1863 జనవరిలో జోసెఫ్ హుకర్ నియుక్తుడైనాడు. దేశానికి నియంత కావలెనని హుకర్ పలికిన మాట లింకన్ చెవిని పడియున్నది. జనవరి 26 నాటి లేఖలో లింకన్ దానిని మరుగుపరచలేదు. మొదట అతని శౌర్యాన్నీ ఆత్మవిశ్వాసాన్నీ మెచ్చి, పిదప పూర్వ సేనాపతి పట్ల అతడు చూపిన విముఖతను తప్పుపట్టి, ఆ మాట పలికినప్పటికిని పదవి ఇచ్చితినని తెలిపినాడు. గెలిచినవారే నియంతలు కాగలరు గనుక ముందు గెలుపు తెమ్మనీ, ఆ ప్రమాదాన్ని తాను భరింతుననీ భావం. అర్థక్రమానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకుట కష్టం. అయినను మే నెలలో ఛాన్సెలర్స్‌విల్ వద్ద హుకర్ ఓడిపోయినాడు. మంచి లేఖ మంచి సేనాపతిని సృష్టింపజాలదు.

జూన్ 28 తెల్లవారకముందే జార్జి మీడ్ గుడారంలోనికి వార్తాహరుడు ప్రవేశించినాడు. తనను బంధించుటకు వచ్చినాడేమోనని మీడ్ మొదట భయపడినాడు, తీరా అది నియామకపత్రం. మూడు దినాలకే గెటీస్‌బర్గు యుద్ధం ఆరంభమై, జూలై 3న మీడ్ జయంతో ముగిసినది. మరునాడు మిసిసిపి నదీతీరంలో విక్స్‌బర్గు దుర్గం గ్రాంట్ వశమైనది.

ఇచ్చట రెండు లేఖలు ప్రక్కప్రక్కన పెట్టి చూడదగినవి. జూలై 13న లింకన్ గ్రాంట్‌కు వ్రాసినాడు. విక్స్‌బర్గు దక్షిణానికి చేరిన తరువాత గ్రాంట్ తీసుకొన్న మార్గం పొరపాటని తాను భయపడితిననీ, ఇప్పుడు గ్రాంట్ అభిప్రాయమే సరి, తనదే తప్పు అని అంగీకరింప గోరుచున్నాననీ దాని సారం. దేశాధిపతి ఇంతవరకు తాను చూచిన జ్ఞాపకం కూడ లేని సేనానికి ఇట్లు వ్రాయుట ఔదార్యానికి పరాకాష్ఠ. మరునాడు, 14న, మీడ్‌కు వ్రాసినాడు. పరాజితుడైన లీ నది దాటి తప్పించుకొన్నాడు. చేతికందిన శత్రువు జారిపోయినాడనీ, యుద్ధం ఇక ఎప్పటికి ముగియునో తెలియదనీ తన దుఃఖమంతా ఆ పత్రంలో నింపినాడు. పిదప సంతకం చేయక, పంపక, దాచిపెట్టినాడు. మీడ్ యుద్ధాంతం వరకు పొటోమాక్ సైన్యాధిపతిగానే కొనసాగినాడు.

తంతి హరించిన వ్యవధిని లింకన్ తన కాగితం మీద తానే మరల కల్పించుకొన్నాడని ఈ పంపని లేఖ చెప్పుచున్నది. కోపాన్ని వ్రాయుట వేరు, పంపుట వేరు.

1864 మార్చిలో గ్రాంట్ సర్వసేనాధిపతి అయినాడు. ఏప్రిల్ 30 నాటి లేఖలో, అతని వ్యూహ వివరాలు తనకు తెలియవు, తెలియగోరను అని లింకన్ తెలిపినాడు. తగిన సేనాపతి లభించినపుడు ప్రభువు మాట తగ్గవలెనను ఎఱుక ఇది. ఆ ఏట ఎన్నికలలో అతనికి ప్రత్యర్థి ఆ మెక్లెల్లనే. లింకన్ 212 ఓట్లతో, 21 మాత్రమే పొందిన మెక్లెల్లన్‌పై గెలిచినాడు.

భారతయుద్ధపర్వాలు పాఠం చెప్పు అధ్యాపకులకు ఇచ్చట ఒక పోలిక స్ఫురింపక మానదు. భీష్ముడు పది దినాలు, ద్రోణుడు అయిదు, కర్ణుడు రెండు, ఆపై శల్యుడు. దుర్యోధనుడు సేనాపతిని మార్చినది సేనాపతి కూలినపుడే. వారు నిలిచి ఉండగా, పాండవపక్షపాతులని భీష్మద్రోణులను పరుషోక్తులతో నొప్పించెడివాడు. అనగా పదవిని నిలిపి మనస్సును విరిచినాడు. లింకన్ దీనికి విపరీతం. పదవిని తీసినాడు గాని మానాన్ని తీయుటకు వెనుకాడినాడు.

ఇంతమాత్రాన అతని నిర్ణయాలన్నీ నిర్దోషాలని కాదు. బర్న్‌సైడ్, హుకర్ల ఎంపిక వేలమంది ప్రాణాలను హరించినది. ఆ యుద్ధంలో మృతులు ఆరు లక్షలకు పైబడినవారు. లేఖాసంపద ఆ లెక్కను మాఫీ చేయదు. 1865 ఏప్రిల్ 9న లీ లొంగిపోయినాడు. 14వ తేదీ రాత్రి నాటకశాలలో లింకన్‌ను హంతకుడు కాల్చినాడు, మరునాటి ఉదయం అతడు మరణించినాడు.

కౌటిల్యుడు చెప్పిన గుణాలు ఆరూ పంపిన లేఖకు సంబంధించినవి. పంపకుండ ఉంచిన లేఖ ఆ గణనలోనికి రాదు. దానిని రాజు ఇంద్రియజయంలో చేర్చవలెనా, లేఖాగుణాలలో చేర్చవలెనా అనునది శాసనాధికారాన్ని బోధించు విద్వాంసులు విచారింపదగిన విషయం. ఇంద్రియజయంలోనే చేర్చుట యుక్తమని నాకు తోచుచున్నది. ఏలయన ఆ పత్రంలో అక్షరదోషం లేదు, అర్థదోషం లేదు. అందలి ఆవేదనా యథార్థమే. అయినను, సేనాపతిని నిలుపదలచిన ప్రభువు ఆ యథార్థాన్ని తనలోనే అణచుకొన్నాడు.