నింగిని చదివిన విద్యార్థి – వైను బప్పు

ఆకాశం మానవునికి అనాదిగా పరిచితమైన గ్రంథం. వేగుచుక్కను చూచి రైతు మడక కట్టాడు. ధ్రువతారను నమ్ముకొని నావికుడు ఓడ నడిపాడు. అయితే చుక్కలను చూచి ఆనందించడం వేరు, వాటి తత్త్వాన్ని తెలుసుకోవాలని తపించడం వేరు. విద్యార్థి దశలోనే అటువంటి తపనకు లోనై, దానిని జీవితాంతం కాపాడుకొన్న శాస్త్రవేత్త మనాలి కల్లాట్ వైను బప్పు.

వైను బప్పు 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించారు. వారి కుటుంబం కేరళలోని తలశ్శేరి ప్రాంతానికి చెందినది. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి కావడంతో వైను బాల్యమంతా ఆ నగరంలోనే గడిచింది. ఖగోళశాస్త్రాభిమాని అయిన నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన ఆ వేధశాల అప్పటికి బేగంపేటలో ఉండేది. ఇతర బాలురకు ఆటస్థలం ఎటువంటిదో వైనుకు వేధశాల అటువంటిది. నక్షత్రాల పేర్లు, వాటి గమనం, దూరదర్శినిని వాడే విధానం ఆయనకు చిన్ననాడే అలవడ్డాయి.

చదువుతోపాటు వక్తృత్వంలోను, క్రీడల్లోను, చిత్రలేఖనంలోను ఆయనకు ప్రవేశం ఉండేది. కాని మనస్సంతా ఆకాశం మీదనే. నిజాం కళాశాలలో భౌతికశాస్త్రం అభ్యసిస్తూ, రాత్రివేళల్లో చరతారలను పరిశీలించేవారు. చరతారలనగా కాలానుగుణంగా కాంతి హెచ్చుతగ్గులకు లోనయ్యే నక్షత్రాలు. వాటిని అధ్యయనం చేయాలంటే ఒక్కనాటి ఉత్సాహం చాలదు. రాత్రి తరువాత రాత్రి అదే నక్షత్రాన్ని చూచి, దాని వెలుగును పక్కనున్న తారలతో పోల్చి, ఓపికతో నమోదు చేయాలి. ఈ సాధన ఫలితంగా విద్యార్థిగా ఉండగానే ఆయన పరిశోధన వ్యాసాలు ప్రకటించగలిగారు.

హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో ఆయన అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. చేరిన కొద్ది నెలలకే, 1949లో, తాను తీసిన ఛాయాచిత్ర ఫలకంలో ఒక కొత్త తోకచుక్కను గుర్తించారు. ఆచార్యుడు బార్ట్ బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకర్క్ దానిని నిర్ధారించడంలో పాలుపంచుకొన్నారు. అందుచేత దానికి బప్పు–బాక్–న్యూకర్క్ తోకచుక్క అని పేరు వచ్చింది. ఈ ఆవిష్కరణకు పసిఫిక్ ఖగోళ సంఘం ఆయనకు డాన్‌హో పతకాన్ని బహూకరించింది. హైదరాబాదులో అలవడిన పరిశీలన దృష్టి పరదేశంలో ఈ విధంగా ఫలించింది.

1952లో డాక్టరేటు పొందిన పిమ్మట కార్నెగీ ఫెలోషిప్‌తో ఆయన పాలొమార్ వేధశాలకు వెళ్లారు. నాడు ప్రపంచంలోకెల్లా పెద్దదైన 200 అంగుళాల దూరదర్శిని అక్కడ ఉండేది. అక్కడ ఓలిన్ విల్సన్‌తో కలిసి నక్షత్రాల వర్ణపటాలను పరిశీలించారు. కాల్షియంకు సంబంధించిన ఒక ఉద్గార రేఖ వెడల్పును బట్టి నక్షత్రపు నిజకాంతిని అంచనా వేయవచ్చునని వారు కనుగొన్నారు. నిజకాంతి తెలిస్తే, మనకు కనిపించే కాంతితో పోల్చి నక్షత్రం ఎంత దూరంలో ఉన్నదో లెక్కించవచ్చు. 1957లో ప్రకటితమైన ఈ సూత్రం విల్సన్–బప్పు ప్రభావంగా ప్రసిద్ధి చెందింది.

అంతటి సాధనాలు అందుబాటులో ఉన్న చోటును విడిచి 1953లో ఆయన స్వదేశానికి తిరిగి వచ్చారు. ఆధునిక పరిశోధనకు తగిన పెద్ద దూరదర్శిని అప్పుడు భారతదేశంలో లేదు. ఆ కొరతను తీర్చడమే ఆయన తన కర్తవ్యంగా భావించారు. మొదట ఉత్తరప్రదేశ్ రాష్ట్ర వేధశాలకు రూపకల్పన చేశారు. అది వారణాసిలో ప్రారంభమై తరువాత నైనితాల్‌కు తరలింది. 1960లో కొడైకెనాల్ వేధశాల సంచాలకులుగా బాధ్యత స్వీకరించారు. నిర్మలమైన ఆకాశం గల ప్రదేశం కొరకు అన్వేషించి, తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరును ఎంపిక చేశారు. భూమధ్యరేఖకు చేరువలో ఉండడం వలన అక్కడి నుండి ఉత్తరాకాశంతోపాటు దక్షిణాకాశంలో అధికభాగం కూడా కనిపిస్తుంది. కొడైకెనాల్ కర్మాగారంలో తయారైన 38 సెంటీమీటర్ల దూరదర్శినితో 1968లో అక్కడ పని మొదలైంది. 1972లో ఒక మీటరు దూరదర్శిని వచ్చింది. 1977లో యురేనస్ వలయాలు వెల్లడైన సందర్భంలో కావలూరు శాస్త్రజ్ఞులు కూడా పరిశీలనలు జరిపారు.

1971లో ఏర్పడిన భారత ఖగోళ భౌతిక సంస్థకు ఆయన తొలి సంచాలకులు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఆ పదవిని అలంకరించిన మొదటి భారతీయుడు ఆయనే. 1981లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. ఇన్ని గౌరవాలు లభించినా ఆయన మనస్సు ఒక్క పని మీదనే లగ్నమై ఉండేది. మన ఇంజనీర్లు, మన పనివారు కలిసి ఈ దేశంలోనే ఒక పెద్ద దూరదర్శినిని నిర్మించాలన్నదే ఆ సంకల్పం. 2.34 మీటర్ల దర్పణాన్ని సానబట్టి మెరుగుపెట్టే పనిని బెంగుళూరులో ఆరంభింపజేశారు.

ఆ నిర్మాణం పూర్తికాకముందే ఆయన ఆరోగ్యం క్షీణించింది. 1982 ఆగస్టులో గ్రీసు దేశంలో జరిగిన సమాఖ్య మహాసభకు అధ్యక్షుడై ఉండీ హాజరు కాలేకపోయారు. ఆ సభలు సాగుతున్న రోజుల్లోనే, ఆగస్టు 19వ తేదీన, జర్మనీలోని మ్యూనిక్ నగరంలో కన్నుమూశారు. శిష్యులు, సహచరులు ఆ పనిని ఆపలేదు. 1986 జనవరిలో నాటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ ఆ దూరదర్శినికి వైను బప్పు పేరు పెట్టి జాతికి అంకితం చేశారు.

తాను జీవితమంతా కోరుకొన్న ఆ దూరదర్శిని గుండా ఒక్కసారైనా చూచే భాగ్యం ఆయనకు దక్కలేదు. కాని ఆయన తరువాతి తరాల విద్యార్థులు దాని గుండా ఆకాశాన్ని చదివారు. బాల్యంలో తనకు ఒక వేధశాల తలుపు తెరిచి ఉండడం వల్లనే తాను ఇంతవాడయ్యానని గ్రహించిన వారు, అటువంటి తలుపులను పరులకోసం తెరవడానికే శ్రమిస్తారు. విద్యార్థికి కలిగే ఉత్సాహం చుక్కవంటిది; క్రమశిక్షణ, సహనం తోడైనప్పుడే అది దారి చూపే వెలుగవుతుందని వైను బప్పు జీవితం నిరూపిస్తున్నది.