కొలిమి నుండి కిరీటం వరకు: బాబ్ ఫిట్జ్‌సిమ్మన్స్

ముష్టియుద్ధ క్రీడలో యోధులను శరీర భారాన్ని బట్టి తరగతులుగా విభజించడం అకారణంగా జరిగింది కాదు. బరువైన దేహం నుండి వచ్చే దెబ్బకు తేలికైన దేహం తాళలేదు. అందుచేతనే తన తరగతిలో విజేతగా నిలిచినవాడు పై తరగతి వైపు కన్నెత్తి చూడటం అరుదు. అట్టి సాహసం చేసి, తన కాలంలో మహానిపుణుడుగా పేరొందిన ప్రత్యర్థిని ఓడించినవాడు బాబ్ ఫిట్జ్‌సిమ్మన్స్.

అతడు 1863 మే 26న ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో, హెల్‌స్టన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. బాల్యంలోనే అతని కుటుంబం న్యూజిలాండుకు వలసపోయి టిమరూ పట్టణంలో స్థిరపడింది. అక్కడ కమ్మరి కొలిమియే అతనికి వ్యాయామశాల అయింది. గుర్రాలకు లాడాలు కొట్టి, సమ్మెట ఎత్తి దించిన ఆ చేతులకు, భుజాలకు అసాధారణ దారుఢ్యం సమకూడింది. కాళ్లు మాత్రం సన్నగానే మిగిలాయి. ఆ విచిత్రాకారాన్ని చూసి నవ్వినవారు అనేకులు. సుప్రసిద్ధ యోధుడు జెమ్ మేస్ న్యూజిలాండు వచ్చి నిర్వహించిన పోటీలలో గెలవడంతో అతని పేరు వెలుగులోకి వచ్చింది. తరువాత ఆస్ట్రేలియాలో కొన్నేళ్లు పోరాడి, 1890లో అమెరికా చేరుకున్నాడు.

1891 జనవరి 14న న్యూ ఆర్లియన్స్ నగరంలో మధ్యమ భార తరగతి విజేత జాక్ డెంప్సీని అతడు ఎదుర్కొన్నాడు. పదమూడు రౌండ్లు సాగిన ఆ పోరులో డెంప్సీ పలుమార్లు నేలకూలాడు. ఇక చాలించి ఓటమి అంగీకరించమని ఫిట్జ్‌సిమ్మన్స్ ప్రత్యర్థిని వేడుకున్నాడట. డెంప్సీ వినలేదు. చివరికి కిరీటం చేతులు మారింది. తన చేతులలో ఎంతటి ప్రమాదమున్నదో ఫిట్జ్‌సిమ్మన్స్‌కు 1894లో మరింత దారుణంగా తెలిసివచ్చింది. ఒక ప్రదర్శనలో అతనితో తలపడిన కాన్ రియోర్డన్ అనే యోధుడు మరణించాడు. న్యాయస్థానం ఫిట్జ్‌సిమ్మన్స్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది.

ఆనాటి గురుభార తరగతి విజేత జేమ్స్ కార్బెట్. ఒకప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్యాంకు గుమాస్తా. 1892లో మహాబలుడు జాన్ సల్లివాన్‌ను కేవలం పాదచాలనంతో, కంటి చురుకుతో అలసింపజేసి ఓడించిన శాస్త్రజ్ఞుడతడు. మొరటు బలాన్ని నేర్పుతో జయించవచ్చునని లోకానికి చూపిన అతనిని, బరువులోను తక్కువైన కమ్మరి ఏ ఉపాయంతో గెలవగలడు?

1897 మార్చి 17న నెవాడా రాష్ట్రంలోని కార్సన్ సిటీలో వారిరువురూ తలపడ్డారు. కార్బెట్ బరువు సుమారు 183 పౌండ్లు. ఫిట్జ్‌సిమ్మన్స్ సుమారు 167 పౌండ్లు. మొదటి నుండి కార్బెట్‌దే పైచేయి. ఆరవ రౌండులో ఫిట్జ్‌సిమ్మన్స్ రక్తసిక్తమైన ముఖంతో మోకాళ్లపై కూలాడు. అయినా గడువు ముగిసేలోగా లేచి నిలిచాడు. వేగంగా కదిలే తలను కొట్టడం దుస్సాధ్యమని గ్రహించి, అంత వేగంగా కదలలేని నడుము భాగంపై దృష్టి నిలిపాడు. బరి పక్కన కూర్చున్న అతని భార్య రోజ్ కూడా శరీరంపై కొట్టమని కేకలు వేసింది.

పద్నాలుగవ రౌండులో ఆ అవకాశం చిక్కింది. పాదం మార్చి, దేహభారమంతా జోడించి, ఎడమ పిడికిలితో కార్బెట్ పొట్టపైన, పక్కటెముకలు కలిసే చోట కొట్టాడు. అక్కడి నాడీసముదాయానికి దెబ్బ తగిలితే శ్వాస కొన్ని క్షణాలు స్తంభిస్తుంది. కార్బెట్‌కు స్పృహ ఉన్నది, లేవాలనే తపన ఉన్నది. ఊపిరి మాత్రం లేదు. పది లెక్కించేలోగా అతడు లేవలేకపోయాడు. ఈ పోరును చలనచిత్రంగా తీసి అనేక నగరాలలో ప్రదర్శించారు. ఆనాటికి అదే అత్యంత దీర్ఘమైన చిత్రం.

అయితే బరువు తన బాకీని వసూలు చేసుకోక మానలేదు. 1899 జూన్ 9న తనకంటే సుమారు నలభై పౌండ్లు బరువైన యువకుడు జేమ్స్ జెఫ్రీస్ చేతిలో ఫిట్జ్‌సిమ్మన్స్ కిరీటం కోల్పోయాడు. 1902లో మరల తలపడి, జెఫ్రీస్ ముఖాన్ని గాయాలమయం చేసి కూడా ఓడిపోయాడు. కాని 1903 నవంబరులో, నలభై ఏళ్ల వయసులో, జార్జి గార్డ్‌నర్‌పై ఇరవై రౌండ్లు పోరాడి లఘు గురుభార కిరీటం గెలిచాడు. మూడు తరగతులలో ప్రపంచ విజేత అయిన ప్రథముడతడే. యాభయ్యవ ఏట కూడా బరి విడువని అతడు 1917 అక్టోబరు 22న షికాగోలో న్యుమోనియాతో కన్నుమూశాడు.

కార్సన్ సిటీలో లోకం చూసింది ఒక్క దెబ్బను. దాని వెనుక ఓడిపోతూ కూడా కన్ను చెదరక ప్రత్యర్థిని పరిశీలించిన పదమూడు రౌండ్లు ఉన్నాయి. మనకంటే అధికులతో తలపడవలసివచ్చే విద్యార్థి లోకం ఆ పదమూడు రౌండ్లనే గుర్తుంచుకోవాలి.